ఫిర్యాదు లేని బండి

సన్యాసిరావు బండి మీద ఫిర్యాదులు రావడం ఆగిపోయి నలభై ఒక్క రోజులైంది. ఆ సంగతి కంపెనీలో అందరికంటే ముందు గమనించింది అతని చెల్లెలు సువర్చల. గమనించి సంతోషించింది కూడా.

అచ్యుతాపురం దగ్గరున్న గరిమ మోటార్స్‌లో, బండి ఎన్నాళ్ళు చెడకుండా నడుస్తుంది, చెడితే ముందు ఏది చెడుతుంది అని పరీక్షించే విభాగానికి ఆమె పెద్ద. పన్నెండేళ్ళుగా అదే పని. ఆ ఏడాది ఆమె చేతిలో ఉన్నది 'శరభ' అనే కరెంటు పికప్ ట్రక్కు. చక్రానికో మోటారు చొప్పున నాలుగు మోటార్లు. వెనక టన్నున్నర బరువు వేసినా ఘాట్ రోడ్డు మీద కారులా ఎక్కిపోతుంది. అరవై రెండు బండ్లు తయారుచేసి, అమ్మకానికి పెట్టే ముందు ఏడాదిపాటు వాడి చూడమని చేపల వ్యాపారులకూ, పాల డెయిరీలకూ, సహకార సంఘాలకూ ఇచ్చారు. ఒక్కో బండికీ కంపెనీ తరఫున ఒక డ్రైవరు.

బండిలో అసలు విశేషం మోటార్లు కాదు, బ్యాటరీ. ఏ బ్యాటరీ అయినా వాడేకొద్దీ లోపల వెంట్రుకంత పగుళ్ళు పడతాయి. శరభ బ్యాటరీలో పగులు పడిన చోటికి ఒక ద్రవం పాకి వెళ్ళి గట్టిపడుతుంది, చర్మం మీద గాయం మానినట్టు. కంపెనీ దానికేదో గంభీరమైన పేరు పెట్టింది. ల్యాబులో మాత్రం అందరూ 'జిగురు' అనేవారు. జిగురు ఉన్నంతకాలం బ్యాటరీ ముసలిది కాదని ప్రకటనలు వచ్చాయి. ఆ ప్రకటనల కింద ఉన్న పరీక్ష కాగితాల మీద సంతకం సువర్చలది.

అయినా బండికి చిల్లర ఇబ్బందులు చాలానే ఉన్నాయి. తలుపుల్లోకి ఒదిగిపోయే పిడులు పొద్దున్నే బయటికి వచ్చేవి కావు. ముందున్న తెర నల్లబడి, రెండు నిమిషాలకు తిరిగి వెలిగేది. రాత్రి సమంగా నిలిపిన బండి తెల్లారేసరికి ఒక పక్కకు వంగి ఉండేది. చిన్న బ్యాటరీ, అంటే తలుపులనూ దీపాలనూ తెరనూ, బండిని సమంగా నిలిపే గాలి సంచులనూ నడిపే మామూలు బ్యాటరీ, నెలకోసారి చచ్చిపోయేది. డ్రైవర్లు రోజూ ఫోన్లు చేస్తుంటే విసిగిపోయి సువర్చలే ఒక సర్క్యులర్ పంపింది: 'బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పోయే హెచ్చరికలను పట్టించుకోనక్కర్లేదు.'

ఆ డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం సన్యాసిరావు పాడేరు నుంచి అనకాపల్లిలోని చెల్లెలి ఇంటికి భోజనానికి వచ్చాడు. అతనికి నలభై ఆరేళ్ళు. పాతికేళ్ళు లారీలు తోలినవాడు. కంపెనీ డ్రైవర్ల కోసం వెతుకుతున్నప్పుడు పేరు ఇచ్చింది సువర్చలే. పాడేరులోని ఆడవాళ్ళ కాఫీ సంఘానికి ఇచ్చిన బండి అతని చేతికి వచ్చింది.

"ఏటే సువర్చా, నా బండి మీద కంప్లయింటు లేదని మీ ఆఫీసులో అనుకుంటున్నారా లేదా?" చేయి కడుక్కుంటూ అడిగాడు.

"అనుకుంటున్నారు అన్నయ్యా. అరవై రెండింట్లో నీదే మొదటి స్థానం."

"మరేటనుకున్నావు. మొదట్లో ఎంత ఏడిపించీసింది! తలుపు తీయనిచ్చీది కాదు. ఇప్పుడు సూడు, ఒక్క రోగం లేదు. నాను సూసుకునే తీరు అలాగుంటాది."

భోజనం అయ్యాక ఇద్దరూ బండి దగ్గరికి వెళ్ళారు. సన్యాసిరావు బానెట్ మీద అరచేత్తో తట్టి, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు: "ఒకప్పుడు పొద్దున్నే కింద సెయ్యెడితే ఎచ్చగా ఉండీది. మా ఈదిలో పిల్లి దాని కిందే తొంగునీది. ఇప్పుడు మంచుముద్దలాగుంటాంది. పిల్లి కూడా రావట్లేదు."

సువర్చల నవ్వింది. అన్నయ్య వెళ్ళిపోయాక గిన్నెలు సర్దుతుంటే ఆ మాట మళ్ళీ చెవిలో పడింది. కదలని బండి కింద వెచ్చదనం ఎందుకుండాలి? ఉన్నది ఎందుకు పోవాలి? ఆ పూట ఇంకే పనీ సరిగా చేయలేకపోయింది.

*

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే ల్యాబుకు వెళ్ళింది. టెక్నీషియన్ హసీనా అప్పటికే వచ్చి ఇనుప గదుల తలుపులు తుడుస్తోంది. ఆ గదుల్లో పెట్టిన బ్యాటరీలకు కొద్ది నెలల్లోనే నాలుగేళ్ళ వాడకం రుచి చూపిస్తారు.

"హసీనా, జిగురు పాకాలంటే వేడి కావాలి కదా. బండి నిలిపి ఉన్నప్పుడు ఆ వేడి ఎక్కడి నుంచి తీసుకుంటుంది?"

"చిన్న బ్యాటరీ నుంచి మేడమ్. పెద్దది అప్పుడు నిద్రలో ఉంటుంది కదా. అలాగే కదా మనం రాసుకున్నది."

అవును, అలాగే రాసుకున్నారు. సువర్చల డ్రైవర్ల ఫిర్యాదుల జాబితా ఒక తెర మీద, బండ్ల నుంచి వచ్చిన వివరాలు ఇంకో తెర మీద పెట్టుకుని కూర్చుంది. రెండు గంటల్లో సంగతి బయటపడింది. తలుపు పిడులు, నల్లబడే తెర, ఒక పక్కకు వంగడం, చచ్చిపోయే చిన్న బ్యాటరీ. ఇన్నాళ్ళూ వేరువేరు జబ్బులనుకున్నవన్నీ ఒక్కటే. లోపల జిగురు గాయాలు మాన్పుతున్నంతసేపూ వేడి కోసం చిన్న బ్యాటరీని పీల్చేస్తోంది. తెల్లారేసరికి తలుపు తెరవడానికి కూడా దానిలో శక్తి మిగలడం లేదు. ఫిర్యాదు వచ్చిందంటే బండి తనను తాను బాగుచేసుకుంటోందని అర్థం.

అయితే ఫిర్యాదు ఆగిపోతే?

ఆమె హసీనా వైపు తిరిగింది.

"మన దగ్గర వేడి తీసుకోవడం మానేసిన బ్యాటరీ ఏదైనా ఉందా?"

హసీనా పుస్తకం తిరగేసింది. "నాలుగో గదిలో ఉంది మేడమ్. తొమ్మిది రోజులైంది. ఆరోగ్యం తొంభై ఏడు శాతం చూపిస్తోంది. బాగుంది అని రాశాను."

"దాన్ని నిండు బరువుతో ఘాట్ ఎక్కించి దించు."

గదిలోని బ్యాటరీ ఎక్కడికీ వెళ్ళదు. ఎక్కేటప్పుడు మోటార్లు లాగినంత కరెంటు లాగుతారు. దిగేటప్పుడు మోటార్లే బండిని పట్టి ఆపుతూ, ఆ వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి తిరిగి తోస్తాయి. అందుకని గదిలోనూ అలాగే తోస్తారు. ఎక్కడం ఏ తేడా లేకుండా అయిపోయింది. దిగడం మొదలుపెట్టారు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. తెర మీద తొంభై ఏడు శాతం కదలకుండా ఉంది. హసీనా గట్టిగా ఊపిరి వదిలి, "చూశారా మేడమ్, ఏమీ లేదు" అనబోయింది.

పంతొమ్మిదో నిమిషంలో ఒక మూల సెల్ నలభై డిగ్రీలు దాటింది. ఇంకో నిమిషానికి డెబ్భై. ఆ తర్వాత అంకెలు చదవడానికి వ్యవధి లేదు. ఇనుప గది లోపల ఎవరో భుజంతో గుద్దినట్టు చప్పుడైంది. చిన్న అద్దపు కిటికీ అంతా తెల్లటి మంట. మంటలార్పే పొడి దానంతట అదే కురవడం మొదలైంది.

తెర మీద ఇంకా తొంభై ఏడు శాతమే ఉంది.

జిగురు పూసిన పగుళ్ళు బ్యాటరీ ఆరోగ్యం చూపే గేజీకి కనిపించవు. జిగురు అయిపోయిన సంగతి అసలే కనిపించదు. గాయాలు మానిన చోట్లన్నీ ఒకేసారి వీడిపోతాయి. ఆ గేజీ లెక్క కట్టింది సువర్చలే.

ఆమె గోడ గడియారం వంక చూసింది. పదకొండూ పద్నాలుగు.

"ఫిర్యాదు లేని బండ్లు ఎన్ని?" అని హసీనాను అడిగిందే కానీ, జవాబు కోసం ఆగలేదు. నెలకు పైగా మౌనంగా ఉన్న బండి ఒక్కటే. దాని నంబరు ఆమెకు నోటికి వచ్చు.

పటం మీద ఆ బండి చుక్క పాడేరు ఘాట్‌లో ఉంది. దిగుతోంది. మొదలుపెట్టి ఆరు నిమిషాలైంది. సీట్లలో నలుగురు. నిన్న ఖాళీగా దిగిన బండి మీద ఇవాళ పదకొండు వందల కిలోల బరువు.

*

అన్నయ్య ఫోను అందలేదు. ఘాట్‌లో సగం దూరం సిగ్నల్ ఉండదని ఆమెకు తెలుసు. వదిన గౌరీశ్వరికి చేసింది.

"కాఫీ బస్తాలట్టుకుని విశాఖపట్నం ఎల్తన్నారు" అంది గౌరీశ్వరి. "సంఘం ప్రెసిడెంటు సుకిరమ్మా, ఇంకో ఇద్దరూ కూడా ఎక్కినారు. ఏటయింది? ఎందుకలాగ ఆయాసపడతన్నావు?"

"ఏం లేదు వదినా. మళ్ళీ చేస్తాను."

బండికి ఫోన్ సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా నిమిషానికోసారి కబురు వస్తుంది. ఇక్కడి నుంచి ఆజ్ఞ కూడా పంపవచ్చు. 'నిదానంగా ఆగు' అని ఒక ఆజ్ఞ ఉంది. అది పంపితే మోటార్ల పట్టు వదిలేసి, మామూలు బ్రేకుల మీదే బండి నడక వేగానికి వచ్చి ఆగిపోతుంది. ఆగి ఉన్న బండికి పంపితే అది మళ్ళీ కదలదు. కానీ దారిలో ఉన్న బండి మీద, కదులుతున్నా ఆగి ఉన్నా, ఆ ఆజ్ఞ వాడాలంటే డైరెక్టర్ అనుమతి ఉండాలి. ఎవరైనా దొంగ బండిని ఎత్తుకుపోతుంటే వాడటానికి పెట్టుకున్నది అది. నడిరోడ్డు మీద బండి ఆగితే వెనక నుంచి ఏ బస్సో గుద్దవచ్చు కనుక ఆ నిబంధన. నిబంధన రాసిన ముగ్గురిలో సువర్చల కూడా ఉంది.

డైరెక్టర్ చక్రపాణి రెండో రింగుకే ఎత్తాడు. వెనక ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు.

"సర్, నాలుగో గదిలో బ్యాటరీ అంటుకుంది. అలాంటిదే పాడేరు ఘాట్‌లో దిగుతోంది. ఆపడానికి అనుమతి కావాలి."

"ఒక్క బ్యాటరీ పరీక్షకే? నిన్నటిదాకా అది మన మొదటి బండి కదమ్మా."

"అందుకే సర్. అదే గుర్తు."

"చూడు సువర్చలా, ఇక్కడ బయటివాళ్ళున్నారు. ఘాట్‌లో మనం ఆపిన బండి లోయలో పడితే జవాబు చెప్పాల్సింది మనమే. లీగల్ వాళ్ళను ఒక్క మాట అడిగి చేస్తాను. రెండు నిమిషాలు. లైన్‌లో ఉండు."

ఆమె లైన్‌లో ఉంది. చెవిలో ఏదో వాయిద్యం మోగుతోంది.

పదకొండూ పదిహేడుకు తెర మీద వేగం సున్నా అయింది. తర్వాతి కబురులో తలుపులు తెరుచుకున్నట్టు, సీట్లు ఖాళీ అయినట్టు కనిపించింది. అమ్మవారి పాదాలు. ఘాట్‌లో వెళ్ళే బండ్లన్నీ అక్కడ ఆగి దండం పెట్టుకుని వెళతాయి. విశాలమైన చోటు. బండి నిలబడి ఉంది. మనుషులు కింద ఉన్నారు.

"మేడమ్, ఇప్పుడు ఆపేయండి" అంది హసీనా. "ఇప్పుడైతే ఎవరికీ ఏమీ కాదు."

సువర్చల వేలు మీట మీద ఉంది. అనుమతి నంబరు వేయాల్సిన గడి ఖాళీగా ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసి కూడా ముందుకు వెళ్ళవచ్చు, తర్వాత విచారణ ఉంటుంది, అంతే. చెవిలో వాయిద్యం మోగుతూనే ఉంది. ఆయన ఇప్పుడే వస్తాడు, ఇంకొక్క క్షణం, అనుకుంది. బండి ఎలాగూ ఆగి ఉంది కదా అనుకుంది.

పదకొండూ ఇరవై ఒకటికి సీట్లు నిండాయి. తలుపులు మూసుకున్నాయి. చుక్క కదిలింది.

"మేడమ్!" హసీనా గొంతు కీచుగా వచ్చింది.

ఇంకో నాలుగు నిమిషాలు. చక్రపాణి లైన్‌లోకి రాలేదు. పదకొండూ ఇరవై అయిదుకు సువర్చల ఫోన్ బల్ల మీద పెట్టేసి, ఖాళీ గడితోనే మీట నొక్కింది.

*

సన్యాసిరావు అప్పటికి ఒక మలుపు తిరిగి ఇంకో మలుపులోకి వస్తున్నాడు. వెనక కూర్చున్న కిల్లో సుకిరమ్మ చలికి శాలువా బిగించుకుని, ఈ ఏడు గింజ బాగా నిండిందని చెబుతోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మూడు వందల మంది ఆడవాళ్ళ సంఘాన్ని పదేళ్ళుగా నడుపుతోంది. మలుపుల్లో ముందు సీటులో కడుపు తిప్పుతోందని, అమ్మవారి పాదాల దగ్గర వెనక ఎడమ వైపు సీటుకు మారింది. అక్కడున్న సంఘం మనిషి ఝాన్సీ ముందుకొచ్చింది.

బండి ఉన్నట్టుండి నీరసపడింది. తెర మీద 'పక్కకు ఆపండి' అని వచ్చింది.

"ఏటయింది?" అంది ఝాన్సీ.

"ఏటీ లేదు. దీనికిది మామూలే. ఆపి మళ్ళీ ఏస్తే పోతాది."

అలాగే చేశాడు. బండి ఆపి, మళ్ళీ స్టార్ట్ చేశాడు. హెచ్చరిక పోయింది. చెల్లెలు పంపిన సర్క్యులర్ అతనికి కంఠస్థం. బండి మళ్ళీ సాఫీగా కదిలింది.

అచ్యుతాపురంలో సువర్చల వేగం మళ్ళీ పెరగడం చూసి కుర్చీలోంచి లేచిపోయింది. ఇంకోసారి పంపింది. అతను ఇంకోసారి ఆపి స్టార్ట్ చేశాడు, సగంలో ఉన్న ఆజ్ఞ మళ్ళీ రద్దయింది. తన మాటే తనకు అడ్డొస్తోందని అప్పటికి తెలిసింది ఆమెకు. అప్పుడిక దూరం నుంచి ఏమేం చేయవచ్చో అన్నీ ఒక్కసారిగా చేసింది. హారన్ మోగించింది. దీపాలన్నీ వెలిగించింది. వైపర్లు ఆడించింది. చివరగా నాలుగు అద్దాలూ కిందికి దించమని ఆజ్ఞ ఇచ్చింది.

ఘాట్‌లో ఆ బండి పిచ్చిపట్టినట్టు అరిచింది. చల్లటి గాలి ఒక్కసారి లోపలికి దూసుకొచ్చింది. గాలితోపాటు వాసన. కాలిన బెల్లంలా ఉంది, అందులో ఏదో మందు వాసన. పాతికేళ్ళలో సన్యాసిరావు ఎప్పుడూ పీల్చని వాసన. ఈసారి అతను తిరిగి స్టార్ట్ చేయలేదు. కొండ వైపున్న కాలవలోకి ఎడమ చక్రాలు దించి బండి నిలిపేశాడు.

"దిగిపోండి! దిగిపోండి!"

తెర నల్లబడింది. హారన్ నోరు మూసుకుంది. తలుపులు ఎంత లాగినా రాలేదు. కింద నుంచి బూడిద రంగు పొగ, నీళ్ళు మరిగిన చప్పుడు. సన్యాసిరావు కిటికీలోంచి దూకాడు. ఝాన్సీ తన కిటికీలోంచి పాకి రాళ్ళ మీద పడింది. వెనక కుడి వైపున్న మూడో ఆమెను అతనే భుజాలు పట్టి లాగాడు. వెనక ఎడమ అద్దం ఒక్కటీ సగం దిగి ఆగిపోయింది. ఆ సగంలోంచి సుకిరమ్మ తలా ఒక చెయ్యీ బయటికి వచ్చాయి, అంతకుమించి రాలేదు. ఎదురు కిటికీ వైపు జరగడానికి అప్పటికే లోపలంతా పొగ.

తలుపు అడుగున ఒక తీగె ఉంటుంది, కరెంటు లేకపోయినా లాగితే తెరుచుకుంటుంది. శిక్షణలో చూపించారు. ముందు తలుపులకు చేతికి అందేలా ఉంది. వెనక తలుపులకు గుడ్డ కింద, దాని కింద మూత కింద ఉంది. ముందరి తలుపు తీగె కూడా ఆ కంగారులో అతనికి గుర్తు రాలేదు. రాయి తీసుకుని అద్దం మీద కొట్టాడు. మామూలు అద్దమైతే పొడిపొడిగా రాలిపోయేది. లోపలికి చప్పుడు రాకుండా పొరలు అతికించిన ఖరీదైన అద్దం అది. పగిలింది కానీ ఊడలేదు. సన్యాసిరావు దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగాడు. అద్దం వంగింది, చేతుల్లోకి దిగింది. వదల్లేదు. మూడోసారి లాగేసరికి అద్దం మొత్తంగా ఊడొచ్చింది. సుకిరమ్మను చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చి, అడుగులు వెనక్కి వేస్తూ నలభై గజాలు తీసుకుపోయాడు.

బండి కింద మొదట ఒక తెల్లటి వెలుగు. ఆ తర్వాత కాఫీ బస్తాలు అంటుకున్నాయి. ఆ మధ్యాహ్నమంతా ఘాట్‌లో మాడిన కాఫీ వాసన.

*

ఆ సాయంత్రానికల్లా మిగిలిన అరవై ఒక్క బండ్లనూ నిలిపివేయించారు. వాటిలో రెండింటికి జిగురు అయిపోయి వారం కూడా కాలేదు. ఒకటి భీమిలిలో చేపలు మోసేది. రెండోది నర్సీపట్నంలో పాల డెయిరీది. వాటిని క్రేన్‌తో ఎత్తి ఖాళీ మైదానంలో దించి, ఒక్కొక్క సెల్లే ఖాళీ చేశారు.

సుకిరమ్మ ఎనిమిది రోజులు విశాఖపట్నం ఆసుపత్రిలో గొట్టాల మధ్య ఉంది. ఆ ఎనిమిది రోజులూ సువర్చల డాక్టర్ల గది బయటే కూర్చుంది. తొమ్మిదో రోజున గొట్టం తీశారు. ప్రాణం దక్కింది. గొంతు మాత్రం పూర్తిగా తిరిగి రాదన్నారు. సన్యాసిరావు కుడిచేతి నరాలు రెండు తెగిపోయాయి. రెండుసార్లు కుట్లు వేసినా బొటనవేలూ చూపుడు వేలూ కలవడం లేదు. స్టీరింగ్ పట్టుకోవడం కుదరదని డాక్టరు చెప్పాడు. గౌరీశ్వరి బయటికొచ్చి వరండాలో గోడకేసి నిలబడిపోయింది.

ఆ తర్వాతి వారం చక్రపాణి సువర్చలను పిలిపించాడు. ప్రభుత్వ విచారణకు ఇవ్వాల్సిన నివేదిక ఆయన ముందుంది.

"ప్రమాదం సంగతి పదకొండూ ఇరవై అయిదుకు గుర్తించి, వెంటనే ఆజ్ఞ పంపినట్టు రాశారు మనవాళ్ళు" అన్నాడు, కళ్ళు ఎత్తకుండా. "నీకూ మంచిది, నాకూ మంచిది. నలుగురు ప్రాణాలతో ఉన్నారంటే నీవల్లే. ఆ మధ్య నిమిషాలు ఎవరికి కావాలి? సంతకం పెట్టు."

"ఆలోచించి చెబుతాను సర్."

ఆసుపత్రికి వెళ్ళేసరికి సన్యాసిరావు మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంటున్నాడు. మెతుకులు చొక్కా మీద పడుతున్నాయి. సువర్చల స్పూను అందించబోతే వద్దన్నాడు.

"అన్నయ్యా, నాకు పదకొండూ పద్నాలుగుకే తెలిసింది."

అతను చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"నువ్వు అమ్మవారి పాదాల దగ్గర ఆగినప్పుడు చూస్తున్నాను. నువ్వు దిగడం, వాళ్ళు దిగడం, అన్నీ తెరమీద కనిపించాయి. అప్పుడే ఆపేసి ఉంటే, కాలినా అక్కడ బండి ఒక్కటే కాలేది. మనుషులకు ఏమీ అయ్యేది కాదు. అనుమతి కోసం ఆగాను."

కిటికీలోంచి కింద ఆటోలు వెళుతున్న చప్పుడు వస్తోంది. సన్యాసిరావు అన్నం పళ్ళెం పక్కకు జరిపాడు.

"అడక్కుండా ఆపీసుంటే బాగుండును గదా" అన్నాడు చివరికి. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది.

"ఇప్పుడు ఆ నిమిషాలు రాయొద్దంటున్నారు."

"రాయకపోతే ఏటవుద్ది?"

"నా ఉద్యోగం ఉంటుంది."

"అది కాదు నానడుగుతున్నాది. రేపు ఇంకో బండి ఇలాగే దిగుతుంటే, ఆ కుర్సీలో ఇంకోలు కూసుంటారు గదా. ఆలు కూడా ఫోనట్టుకుని కూసోవాలా?" కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. "నాకు నిద్రొస్తాంది. నువ్వెల్లు."

తర్వాత నెల రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే గౌరీశ్వరే ఎత్తి, బాగానే ఉన్నారని చెప్పి పెట్టేసేది.

సువర్చల కంపెనీ నివేదిక మీద సంతకం పెట్టలేదు. తనది వేరే రాసింది. మూడు పేజీలు. గేజీ లెక్క తప్పు తనదని రాసింది. సర్క్యులర్ తనదని రాసింది. పద్నాలుగు నుంచి ఇరవై అయిదు దాకా నిమిషం నిమిషం ఏం జరిగిందో రాసింది. మర్నాడే ఆమెను ల్యాబులోకి రానివ్వలేదు.

*

విచారణ ఫిబ్రవరిలో పాడేరులోనే, కాఫీ సంఘం షెడ్డులో జరిగింది. ఆరబోసిన గింజలను ఒక మూలకు తోసి బల్లలు వేశారు. విశాఖపట్నం నుంచి ముగ్గురు అధికారులు వచ్చారు. గోడల వెంట సంఘం ఆడవాళ్ళు కింద కూర్చున్నారు. సన్యాసిరావు వెనక వరుసలో ఉన్నాడు. చెల్లెలి వంక చూడలేదు.

సువర్చల తన మూడు పేజీలూ చదివింది. 'జిగురు' అన్న మాట దగ్గర అధికారులు ఆపి రెండు ప్రశ్నలు అడిగారు. చెప్పింది. కదులుతున్న బండిలో ప్రాణాపాయం కనిపించినవాళ్ళు ఎవరినీ అడగకుండా ఆపే హక్కు ఉండాలని, అది నిబంధనల్లో మొదటి వాక్యం కావాలని చివర రాసింది. అది చదివి కాగితాలు మడిచింది.

"సంఘం తరఫున ఏమైనా అడుగుతారా?" అన్నాడు పెద్ద అధికారి.

సుకిరమ్మ గోడ పట్టుకుని లేచింది. సన్నబడిపోయింది. నాలుగడుగులు వేసి ఆగి ఊపిరి తీసుకుని, మళ్ళీ నాలుగడుగులు వేసి బల్ల ముందుకు వచ్చింది. కొండమీద వాళ్ళు కలెక్టరునైనా నువ్వనే అంటారు. అందులో అమర్యాద ఉండదు.

"నాకు నీ మిషను సంగతి తెలీదు" అంది. పొడి ఆకులు నలిగినట్టున్న ఆ గొంతు వినడానికి షెడ్డంతా ముందుకు వంగింది. "ఒకటే అడుగుతాను. అమ్మవారి కాడ మేము దిగినాము. దండమెట్టినాము. ఝాన్సీ ఫొటో తీసింది. నాలుగు నిమిషాలున్నామంట. అప్పుడు నువ్వేం చేస్తన్నావు?"

అధికారి ఏదో సర్దిచెప్పబోయాడు. సువర్చల తల అడ్డంగా ఊపింది. నివేదికలో దానికి మంచి మాటలే ఉన్నాయి. అనుమతి ప్రక్రియ, ఆలస్యం, నిబంధన. అవేవీ నోటికి రాలేదు.

"ఫోను చెవికి పెట్టుకుని కూర్చున్నానమ్మా" అంది. "నిన్ను చూస్తూనే కూర్చున్నాను."

సుకిరమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తల ఊపి, వెనక్కి తిరిగి, మళ్ళీ నాలుగేసి అడుగులు వేస్తూ తన చోటికి నడవసాగింది. సగం దూరంలో ఊపిరి అందక ఆగిపోయింది. సువర్చల ఎవరినీ అడగకుండా బల్ల దాటి వెళ్ళి ఆమె మోచేయి పట్టుకుంది. సుకిరమ్మ ఆ చెయ్యి విదిలించుకోలేదు.